జత లేని గది

వెండ్రిల్ హాల్ అనే దొరల బంగళాలో పనిపిల్లలు తెల్లవారుతూనే తూర్పు గదుల్లో చలిపొయ్యిలు రాజేసేవాళ్లు. ఆ తర్వాత బకెట్లు పట్టుకుని పడమటి గదులకు వెళ్లి అక్కడి పొయ్యిల్లో బూడిద ఎత్తేవాళ్లు. పడమట ఎవరూ పడుకోకపోయినా, పుల్ల కూడా వెలిగించకపోయినా, బూడిద మాత్రం ఉండేది, అదీ వెచ్చగా. తూర్పున ఎంత బొగ్గు కాలితే పడమట అంత బూడిద. రెట్టింపు చాకిరీ అని కొత్తగా చేరిన పిల్లలు గొణిగేవాళ్లు గానీ, ఇదేమిటని అడిగినవాళ్లు లేరు. ఒక్కో ఇంటికి ఒక్కో అలవాటు ఉంటుంది. పొరుగూరి దొరల ఇంట్లో మేడమెట్లు కిర్రుమంటాయి, ఇక్కడ ఇది.

ఈ అలవాటు ఇంటికి అంటించినవాడు సర్ బార్నబీ. ఆయనకు ముందు ఆ చోట చెక్కా ఇటుకా కలిపి వంకరటింకరగా కట్టిన పాత ఇల్లు ఉండేది. ఆయన పడుచుతనంలో ఇటలీ వెళ్లి, అక్కడి రాతి మేడలు చూసి తిరిగొచ్చాక, వంకర అన్నది కంటబడితే తిండి సయించని మనిషి అయిపోయాడు. పాతదాన్ని నేలమట్టం చేయించి బూడిదరంగు రాయితో కొత్త ఇల్లు ఎత్తించాడు. నడుమ ముఖద్వారం, దానికి కుడివైపు ఎన్ని కిటికీలో ఎడమవైపు అన్నే. తూర్పు చివర పిల్లలు తోటలోకి దిగడానికి ఒక చిన్న తలుపు కావలసి వచ్చింది. పడమట దాని అవసరమే లేదు. అయినా అక్కడ రాతిలో తలుపు బొమ్మ చెక్కించాడు, తాళంచెవి కన్నంతో సహా. అంత చాదస్తుడి చేతిలో లేచిన ఇల్లు చాదస్తం నేర్చుకోక ఏం చేస్తుంది? ఆయన పోయేలోగానే నేర్చుకుంది.

తూర్పు కిటికీ అద్దం వడగళ్లకు పగిలితే పడమట దాని జత అద్దం తనంతట తనే బీటలు వారేది. అద్దాలవాడికి ఎప్పుడు కబురు పెట్టినా రెండేసి తెమ్మనేవాళ్లు. ఇవి చిన్న సంగతులు. మనుషుల సంగతి అలా తేలిపోయేది కాదు. తూర్పు గదిలో ఒకరికి జ్వరం వస్తే పడమట జత గదిలో పడుకున్నవాళ్లకూ వచ్చేది. అందుకని జత గదుల్లో ఇద్దరిని పడుకోనిచ్చేవాళ్లు కాదు. ఒకరు మంచం పట్టగానే అవతలి గదిలో మంచం మీద పొడుగాటి ఈకల దిండు పడుకోబెట్టి, దానికి రాత్రి టోపీ తొడిగి, దుప్పటి కప్పేవాళ్లు. దాన్ని బదులు దిండు అనేవాళ్లు. జలుబులు, తలనొప్పులు, కీళ్లనొప్పులు సగానికి సగం దిండే మోసేది. పాత దొరగారికి కాలి బొటనవేలు వాచినప్పుడు దిండు ఒక కొస కుండలా ఉబ్బిందని, పక్కన ఎవరైనా గట్టిగా నడిస్తే మూలిగేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. జబ్బు తగ్గాక ఆ దిండును పెరట్లో కాల్చేసేవాళ్లు. ఈ దిండ్ల పెత్తనమంతా మిసెస్ స్పర్లింగ్‌ది. ఇంటి పనివాళ్లందరి మీదా అజమాయిషీ ఆవిడదే. నడుముకు తాళాల గుత్తి ఉండేది, నోటికి మాత్రం తాళం లేదు.

పెద్ద జబ్బులకు దిండు చాలదు. దానికి మనిషి కావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి జత గదిలో పడుకుంటే ఇల్లు ఇద్దరినీ సమానం చేయబోతుంది. జబ్బుమనిషి కొంత లేస్తాడు, మంచిమనిషి కొంత పడతాడు. అది ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. సర్ బార్నబీ మనవడికి ఊపిరితిత్తులు చెడితే పాలకొట్టులో పనిచేసే రూత్ అనే పిల్లను పడుకోబెట్టారు. ఆ మనవడు ముసలివాడై, పళ్లన్నీ ఊడి, మనవల పెళ్లిళ్లు చూసి మరీ పోయాడు. రూత్ మా చర్చి ఆవరణలో ఉంది. ‘నమ్మకమైన పనిమనిషి’ అని చెక్కించిన రాయి, పనివాళ్ల సమాధి రాళ్లన్నిటిలోకీ పెద్దది. ఆదివారం ప్రార్థనకు వెళ్లేటప్పుడు మా ఊరి ఆడపిల్లలు ఆ రాయి పక్కనుంచి నడవరు, చుట్టు తిరిగి పోతారు.

ఈ కథ జరిగేనాటికి ఇంటికి పెద్ద లేడీ జార్జియానా. పెద్ద దొరసాని అనేవాళ్లం. ఆవిడకు పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. ఎడమ బూటుకు ఎత్తు మడమ వేయించుకునేది. ఆ బూట్లు లేకుండా మంచం మీంచి గుమ్మం దాకా కూడా నడవలేదు. టక్కు, దబ్బు, టక్కు, దబ్బు అని ఆవిడ అడుగులు వినబడితే వంటగదిలో పిల్లి కూడా సర్దుకు కూర్చునేది. కోడలిగా వచ్చిన మొదటిరోజే ఆవిడకు ఇంటి అలవాటు చెప్పారు. ఎక్కడ పడుకున్నా అవతల ఇంకో గది కాచుకుని ఉంటుందన్న మాట ఆవిడ గుండెల్లో దిగిపోయింది. ఇల్లంతా తిరిగి చూసి, ముఖద్వారానికి సరిగ్గా పైనున్న గది కావాలని పట్టుబట్టింది. అదే నడిమి గది. ఇల్లు మొత్తం మీద జత లేనిది అదొక్కటే. ఆ తర్వాత ఆవిడ ఇంకెక్కడా పడుకోలేదు. భర్త పోయేటప్పుడు కూడా ఆయన గది గుమ్మం బయట కుర్చీ వేయించుకుని కూర్చుందే తప్ప లోపల అడుగు పెట్టలేదు.

ఆవిడకు ఉన్న ఇంకో భయం చెమ్మ దుప్పట్లు. చెమ్మ దుప్పటి మీద పడుకుంటే మనిషి దక్కడని మా దొరసానులందరికీ గట్టి నమ్మకం. లాండ్రీ, బట్టలు ఆరవేసే కొట్టు, బీరు కాచే కొట్టు, కట్టెల కొట్టు ఇవన్నీ ఇంటికి తూర్పున, విడిగా, ఒకే వరసలో చాలా దూరం ఉండేవి. బళ్లలో వచ్చే అతిథులకు కనబడకుండా వాటికి అడ్డంగా దట్టమైన చెట్ల కంచె పెంచారు. దుప్పట్లు లాండ్రీ నుంచి ఇంట్లోకి రావాలంటే పెరడు దాటాలి, మా వైపు వాన ఎప్పుడు పడుతుందో వానకే తెలియదు. అందుకని ఆ ఏటి వసంతంలో పెద్ద దొరసాని పట్టుబట్టి, లాండ్రీ గుమ్మం నుంచి ఇంటి తూర్పు గోడ దాకా పైకప్పుతో ఒక నడవా కట్టించింది. అప్పటి నుంచి దుప్పట్లు ఇస్త్రీ వేడి ఆరకుండా ఆవిడ మంచం చేరేవి.

ఆ ఏడు ఇంటి అలవాటు కొంచెం తప్పింది. పడమటి పొయ్యిల్లో బూడిద రావడం మానేసింది. పిల్లల గది అద్దం పగిలితే, దాని జత అయిన పసుపు గది అద్దం నిక్షేపంలా నిలిచింది. నడిమి గది పొయ్యిలో మాత్రం బూడిద రెట్టింపు వస్తోందని ఒక పనిపిల్ల అంటే, పెద్ద దొరసానికి చలెక్కువలే అని కొట్టిపారేశారు.

"ఇల్లూ ముసలిదైంది పాపం. మతిమరుపొచ్చింది," అంది మిసెస్ స్పర్లింగ్. "అయినా ముసలివాళ్లు చిన్నవే మర్చిపోతారు. పెద్దవి మర్చిపోరు."

చలికాలం మొదట్లో పెద్ద దొరసాని మనవడు చిన్నబాబు ఆంబ్రోజ్‌కు కంఠసర్పి వచ్చింది. ఆరేళ్లవాడు. తండ్రి గుర్రం మీంచి పడి చనిపోయాడు, ఆ వంశానికి మిగిలింది వాడొక్కడే. డాక్టరు వచ్చి గొంతులో మందు పూసి, తెల్ల పొర కిందికి దిగుతోందని చెప్పి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. మిసెస్ స్పర్లింగ్ ముఖద్వారం దగ్గర్నుంచి అటు అడుగులు వేసి, ఇటు అడుగులు వేసి, పసుపు గదే జత అని మరోసారి తేల్చుకుని అందులో బదులు దిండు పడుకోబెట్టింది. మర్నాడు చూస్తే దిండు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క ఈక చెమ్మగిల్లలేదు. పిల్లవాడి దగ్గు మాత్రం కుక్క మొరిగినట్టు ఇల్లంతా వినబడుతోంది.

"దిండు చాలదు," అంది పెద్ద దొరసాని. తన గది గుమ్మంలో నిలబడి, కోడలి మొహం చూడకుండా అంది.

కోడలు లేడీ ఎలినార్ కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. "నేను పడుకుంటాను అత్తయ్యా."

"నీకు గుండెదడ ఉందిగా. నీ దడ కూడా వాడికి అంటించాలనా? గట్టి పిండం కావాలి. ఒంట్లో ఏనాడూ నలత ఎరగనిది. లాండ్రీ మార్తా కూతురు, ఆ ఎర్రబుగ్గల పిల్ల, దాని పేరేమిటి?"

"థర్జా."

"దాన్ని అడగమను."

వెండ్రిల్ హాల్లో ఇలాంటి వాటికి ఎవరినీ బలవంతం చేయరు, అడుగుతారు. మిసెస్ స్పర్లింగ్ థర్జాను పింగాణీ సామాన్లు ఉంచే గదిలోకి పిలిచి తలుపు వేసి అడిగింది.

"నీ ఇష్టం పిల్లా. వద్దంటే వద్దందని చెబుతాను, నాదేం పోయింది. అన్నట్టు మీ అమ్మకు చేతులు పగిలి బట్టలు పిండలేకపోతోందటగా? పెద్ద దొరసాని నిన్ననే వాకబు చేసింది, మార్తా పని ఎలా ఉందని. మీరుండే ఇల్లు కూడా వాళ్లదే కదా."

థర్జాకు పంతొమ్మిదేళ్లు. ఆ మాట అర్థం కాని వయసు కాదు. "ఎన్నాళ్లు పడుకోవాలండీ?"

"బాబు లేచేదాకా."

"లేవకపోతే?"

మిసెస్ స్పర్లింగ్ తాళాల గుత్తి సవరించుకుంది. "బాతు ఈకల పరుపే అది. నీ జన్మలో అలాంటి దాని మీద నడుం వాల్చి ఉండవు."

మార్తాకు కబురు తెలిసి, చేతుల నిండా సబ్బు నురగతోనే నడవాలోకి పరుగెత్తుకొచ్చింది. కూతుర్ని గోడకు నొక్కి పట్టుకుంది.

"పారిపోవే. లడ్లో ఊళ్లో మీ పెద్దమ్మ దగ్గరికి పో. ఇప్పుడే, ఉన్నపళంగా."

"నువ్వో?"

"నన్నేం చేస్తారు? ఇంకో నాలుగు దుప్పట్లు ఉతకమంటారు."

"ఇల్లు ఖాళీ చేయమంటారమ్మా."

"చేయమననీ! ఆ రూత్ రాయి చూశావా? అంత పెద్ద రాయి నాకెందుకే? నాకు నువ్వు కావాలి."

"బాబు చిన్నవాడమ్మా. నన్ను థర్జీ, థర్జీ అంటాడు."

"వాడికి ఇద్దరు దొరసానులున్నారు. నాకెవరున్నారే?"

అటునుంచి తాళాలు గలగలమన్నాయి. మార్తా మాట ఆగిపోయింది. ముప్పయ్యేళ్ల కొలువు ఊరికే పోతుందా, చేతులు వాటంతట అవే కూతురి టోపీ సరిచేశాయి. "చూసుకు నడువు, గచ్చు జారుతుంది," అని మాత్రం అనగలిగింది.

పసుపు గది గోడల కాగితం మీద పచ్చని పిట్టలు ఉన్నాయి. థర్జా ఆ గదిని ఎన్నోసార్లు తుడిచింది గానీ ఎప్పుడూ ఆ పిట్టల కళ్లు చూడలేదు. పడుకుని చూస్తే అన్నీ మంచం వైపే చూస్తున్నాయి. మిసెస్ స్పర్లింగ్ గడ్డం దాకా దుప్పటి కప్పి, అచ్చం దిండుకు చేసినట్టే టోపీ తొడిగి, బయట గడియ పెట్టుకుని వెళ్లింది.

ఆ తర్వాత భయం తప్ప ఇంకేమీ లేదు. గుటక వేయాలంటే భయం. వేశాక నొప్పి లేదని తెలిసి కాసేపు ఊపిరి పీల్చుకునేది, మళ్లీ గుటక వచ్చేది. నాలుక మీద చేదుగా ఉందేమో, కళ్లు మండుతున్నాయేమో, మోకాళ్లలో ఆ లాగుడు నిజంగా లాగుడేనా? అద్దం ఇవ్వలేదు కాబట్టి కిటికీ గాజులో నోరు తెరిచి చూసుకునేది. దూరంగా బాబు దగ్గు వినబడగానే చేతులతో తన గొంతు పట్టుకునేది. ఒకసారి దగ్గు చాలాసేపు వినబడలేదు. అప్పుడు థర్జాకు ఒక ఆలోచన వచ్చింది. అది నా దాకా రాకముందే వాడు పోతే బాగుండును అనుకుంది. అనుకున్న వెంటనే మొహం దిండులో దాచుకుని ఏడ్చింది. వాడికి బూట్ల తాళ్లు కట్టడం నేర్పింది తనే. తను అంత చెడ్డదని తనకే తెలియదు.

విచిత్రం ఏమిటంటే జబ్బు రాలేదు. దానికి బదులు ఆకలి వేసింది. మాంసం చారు తెచ్చిపెడితే గిన్నె ఖాళీ, గుడ్డు కస్టర్డ్ పెడితే గిన్నె ఖాళీ. మిసెస్ స్పర్లింగ్ ఖాళీ గిన్నెలు చూసి మూతి బిగించింది.

"సరిగ్గా పడుకుంటున్నావా? లేచి తిరుగుతున్నావా?"

"కదల్లేదండీ."

"అక్కడ పిల్లవాడు ఊపిరందక నీలంగా అయిపోతుంటే నువ్విక్కడ గుమ్మడికాయలా ఉన్నావు. సిగ్గుండాలి."

థర్జాకు నిజంగానే సిగ్గేసింది. జబ్బు రావడం లేదని సిగ్గు, వస్తుందని భయం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయని మీరడగొచ్చు. మంచం వెడల్పుగా ఉంది, రెండూ పట్టాయి.

ఆ మరుసటి మధ్యాహ్నం వాన పడుతుండగా గది బయట అడుగులు వినబడ్డాయి. టక్కు, దబ్బు. థర్జా లేచి కూర్చుంది. పెద్ద దొరసాని పడమటి గదుల వైపు వచ్చిందని పుట్టి బుద్ధెరిగాక వినలేదు. టక్కు, దబ్బు. గడియ తీసిన చప్పుడైంది.

ఆవిడ గుమ్మం బయటే కాసేపు నిలబడింది. తర్వాత, చన్నీళ్లలోకి దిగేవాళ్లలా, ఒక కాలు లోపల పెట్టి రెండోది లాక్కుంది.

"నాలుక చాపు."

థర్జా చాపింది.

"గొంతు నొప్పి ఉందా?"

"లేదమ్మగారూ."

"అబద్ధం చెప్పకు. ఉంటే ఉందని చెప్పు. ఉండాలి." పెద్ద దొరసాని గొంతు బొంగురుపోయి ఉంది. ఆ మాటలో కోపం కన్నా బతిమాలడం ఎక్కువ వినబడింది.

"లేదమ్మగారూ. ఆకలేస్తోంది."

ఆవిడ కుర్చీ వెతుక్కుని కూలబడింది. "నిన్న టీ తాగుతుంటే కప్పు చెవి ఊడి చేతికొచ్చింది. సరిగ్గా ఆ వేళకే వాడు పాలకప్పు విసిరికొట్టాడట. నేను పట్టించుకోలేదు. ఈ పొద్దున వాడి మెడకు ఆవపిండి పట్టు వేశారు." మెడ చుట్టూ ఉన్న లేసు వదులు చేసి చూపించింది. ముడతలు పడ్డ తెల్లటి మెడ మీద, అరచేయంత మేర, నలుపలకలుగా ఎర్రగా కందిపోయి ఉంది. "నాకెవరూ పట్టు వేయలేదు."



"స్పర్లింగ్ ఎక్కణ్నుంచి కొలిచింది?"

"ముఖద్వారం దగ్గర్నుంచి. ఎప్పుడూ అక్కణ్నుంచే కదమ్మగారూ."

"తూర్పు చివర ఏముంది?"

"పిల్లల గది."

"దాని అవతల?"

"ఏమీ లేదమ్మగారూ. ఇల్లు అక్కడితో అయిపోయింది. తర్వాత నడవా, లాండ్రీ, అమ్మ వాళ్లు..." థర్జా ఆగిపోయింది.

"నడవా," అంది పెద్ద దొరసాని.

ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. దొరలెవరూ లాండ్రీని ఇంట్లో భాగం అనుకోలేదు. చెట్ల కంచె అవతల ఉన్నది ఏదైనా వాళ్ల లెక్కలో ఇల్లు కాదు. నడవాతో గోడకు గోడ కలిసిన రోజున ఇల్లు మాత్రం లాండ్రీని, ఆరవేసే కొట్టును, బీరు కొట్టును, కట్టెల కొట్టును అన్నిటినీ తనలో కలుపుకుంది. తూర్పున అంత పొడుగు పెరిగాక ఇంటి నడుము ముఖద్వారం దగ్గర ఎందుకుంటుంది? తూర్పుకు జరిగింది. జరిగిన నడుముకు అటు పక్క పిల్లల గది, ఇటు పక్క సరిగ్గా అంతే దూరంలో ముఖద్వారం పైనున్న గది. కోడలిగా వచ్చిన నాటి నుంచి పెద్ద దొరసాని దాక్కుని పడుకున్న గది. ఇన్నాళ్లకు దానికి జత దొరికింది. దొరికేలా చేసింది ఆవిడ చెమ్మ భయమే.

 పెద్ద దొరసాని థర్జాను చూస్తోంది. బుగ్గలు, మెడ, చేతులు, సంతలో మేకను చూసినట్టు చూస్తోంది. ఆ చూపుకు అర్థం థర్జాకు తెలిసిపోయింది. తను ఇంకా తప్పించుకోలేదు. గది మారుతుంది, అంతే.

"లే. గౌను వేసుకో. బూట్లు కట్టుకో. నాతో రా."

గది బయటికొచ్చి పెద్ద దొరసాని థర్జా భుజం మీద చెయ్యి వేసి నడిచింది. ఆ చెయ్యి గౌను గుడ్డలోంచి కూడా కాలుతోంది. మెట్ల దగ్గర ఆవిడ ఆగింది. కింద ముఖద్వారం. దాని అవతల కంకర బాట, గుర్రపుశాలలో బండి. బండెక్కి ఇంకే ఇంట్లో పడుకున్నా ఈ ఇల్లు ఆవిడ జోలికి రాదు. తూర్పు నుంచి దగ్గు వినబడింది. ఇప్పుడది మొరుగుడు కూడా కాదు, తలుపు సందులోంచి గాలి దూరినట్టు సన్నగా వస్తోంది. ఆవిడ మెట్ల వంక చూసింది, తన గది వంక చూసింది, థర్జా వంక చూసింది. థర్జా మాత్రం తన కాళ్లకేసి చూసుకుంటోంది. తప్పించుకోవాలంటే ఇప్పుడే పరుగెత్తాలి అనుకుంది, అయినా పక్కనే నిలబడింది.

నడిమి గదిలో మంచం సిద్ధంగా ఉంది. దుప్పటి అప్పుడే మార్చినట్టుంది, ఇస్త్రీ వాసన వేస్తోంది. అమ్మ చేతి ఇస్త్రీ. థర్జా ఇంక చెప్పించుకోలేదు. పొయ్యి పక్కనున్న పీట మీద కూర్చుని బూటు తాడు విప్పుకోవడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయింది.

"ఏం చేస్తున్నావు?"

"పడుకుంటున్నానమ్మగారూ."

"నేను చెప్పానా?"

"ఇంకెందుకు తీసుకొచ్చారు మరి?" అనేసింది థర్జా. ఆ ఇంట్లో ఎవరూ ఆవిడను అలా అడిగి ఉండరు.

పెద్ద దొరసాని మంచం కోడు పట్టుకుని నిలబడింది. "అందుకే తీసుకొచ్చాను," అంది చివరికి. "మెట్ల దాకా అదే అనుకున్నాను. ఇక్కడికొచ్చాక కూడా అదే అనుకున్నాను. ఎవరూ చెప్పకుండానే విప్పుకుంటున్నావే! ఆ పాలకొట్టు పిల్ల కూడా ఇలాగే విప్పుకుని ఉంటుంది." ఊపిరి అందక కాసేపు ఆగింది. "మా ఆయన పిలుస్తుంటే గుమ్మంలో కూర్చున్నాను నేను. లోపలికి వెళ్లలేదు. నీకు తెలుసా?"

"తెలుసమ్మగారూ. అందరికీ తెలుసు."

"అందరికీనా!" ఆవిడ నవ్వబోతే దగ్గు వచ్చింది. కుక్క మొరిగినట్టు, అచ్చం బాబు దగ్గే. అది విని ఇద్దరూ బెదిరిపోయారు. దగ్గు తగ్గాక ఆవిడ మంచం అంచున కూర్చుని కాళ్లు చాపింది. "నీ బూట్లు నీ కాళ్లకే ఉండనీ. నా బూట్ల సంగతి చూడు."

థర్జా మోకాళ్ల మీద కూర్చుని విప్పింది. బూట్లలోంచి బయటికొచ్చిన పాదాలు చిన్నపిల్ల పాదాల్లా ఉన్నాయి, ఒకటి నేలకు అందకుండా వేలాడింది. పెద్ద దొరసాని పడుకుంది. థర్జా దుప్పటి కప్పింది.

"వెచ్చగా ఉంది," అంది ఆవిడ.

"మా అమ్మ ఇస్త్రీ చేసిందమ్మగారూ."

"ఊఁ. ఆ బూట్లు పట్టుకుపో."

"తుడిచి గుమ్మం బయట పెడతాను."

"గుమ్మం బయట కాదు. ఇంట్లోంచే పట్టుకుపో." పళ్లు టకటకలాడుతుంటే దుప్పటి కొస కరిచిపట్టి మాట్లాడింది. "ఇక్కడుంటే ఏ నిమిషానో తొడుక్కుని పారిపోతాను. నా సంగతి నాకు తెలుసు. ముఖద్వారంలోంచి పో, అదే దగ్గర. మీ అమ్మ దగ్గరికి పో. నేను ఏమన్నా సరే తీసుకురాకు."

పనివాళ్లు ముఖద్వారం గడప లోపల్నుంచి కడుగుతారు, బయట్నుంచి కడుగుతారు, దాటరు. థర్జా దాటింది. అక్కడ నిలబడ్డ నౌకరు నోరు తెరిచాడు గానీ, ఆమె చేతుల్లో ఉన్న బూట్లు ఎవరివో గుర్తుపట్టి తలుపు తీసి పట్టుకున్నాడు. వానలో కంకర మీద నాలుగడుగులు వేసిందో లేదో, తల మీద కిటికీ తెరుచుకుంది.

"థర్జా!"

పెద్ద దొరసాని మంచం మీంచి గోడ పట్టుకుని ఎలా వచ్చిందో కిటికీ దాకా వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. "థర్జా! బూట్లు! నా బూట్లు తెచ్చిపెట్టు. నాకు భయమేస్తోంది. వెనక్కి రా!"

థర్జా తిరిగి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ గొంతు పిలిస్తే వెళ్లకపోవడం ఎరగదు. కాళ్లు అప్పుడే గుమ్మం వైపు తిరిగాయి కూడా. బూట్లు పైకి పోతే ఆవిడ కిందికి వస్తుంది. ఆవిడ కిందికి వస్తే బాబు పోతాడు, లేదా ఆ వెచ్చటి దుప్పటి కింద తను ఉంటుంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి థర్జా కంకర మీద అలాగే బిగుసుకుపోయింది. తర్వాత ఆ బూట్లను పైగుడ్డలో చుట్టుకుని, గుండెకు హత్తుకుని, వెనక్కి చూడకుండా లాండ్రీ వైపు పరుగెత్తింది.

ఆ గొంతు ఇంకోసారి పిలిచింది. తర్వాత కిటికీ మూసుకుంది.

లాండ్రీలో మార్తా కూతుర్ని చూసి ఉతికే చెక్క చేజార్చుకుంది. థర్జా రాగి కాగు కింద మంట దగ్గర కూర్చుని, ఒళ్లో బూట్లు పెట్టుకుని, గంట చప్పుడు కోసం చెవులు రిక్కించుకుంది. నడిమి గదిలో మంచం పక్కనే గంట తాడు వేలాడుతూ ఉంటుంది. పడుకుని చెయ్యి చాపితే అందుతుంది. ఒక్కసారి లాగితే నలుగురు పరుగెత్తుకొచ్చి చేతుల మీద ఎత్తుకుని బండిలో కూర్చోబెడతారు. చీకటి పడేదాకా థర్జా వింటూనే ఉంది. గంట మోగలేదు.

ఆ సాయంత్రం చిన్నబాబు గొంతులో పొర ఊడి పడింది. పాలలో నానేసిన రొట్టె అడిగాడట. పెద్ద దొరసాని ఆదివారం చర్చి గంటల వేళ దాకా ప్రాణంతో ఉంది. ఆమెకు ఏం కావాలని ఎవరడిగినా తలుపు వేసి వెళ్లమని చెయ్యి ఊపిందని చెబుతారు.

శవపేటికలో పెట్టబోతూ కాళ్లకు తొడగడానికి బూట్లు వెతికితే ఎక్కడా లేవు. అప్పుడు థర్జా వాటిని తుడిచి, మెరుగుపెట్టి, లేడీ ఎలినార్ దగ్గరికి తీసుకెళ్లింది. లేడీ ఎలినార్ పిల్లల గదిలో ఉంది. మంచం మీద బాబు నిద్రపోతున్నాడు, నోరు కొంచెం తెరిచి, చప్పుడు లేకుండా ఊపిరి తీస్తున్నాడు.

"ఆ రోజు అత్తయ్య కిటికీలోంచి నిన్ను పిలిచిందట," అంది లేడీ ఎలినార్ మెల్లగా. "బూట్లు తెమ్మని. నౌకరు చెప్పాడు. నీకు వినబడలేదా?"

"వినబడిందమ్మా," అంది థర్జా.

లేడీ ఎలినార్ బూట్లు అందుకుని, పొట్టిదీ పొడుగుదీ రెండూ ఒళ్లో పక్కపక్కన పెట్టుకుంది. తర్వాత తల ఎత్తి, పక్కనున్న కుర్చీ చూపించి, థర్జాను కూర్చోమంది.